నడుములో పదో వంతు నవ్వు

సింగవరం డిపోలో డ్రైవరు పోలినాయుడికి పొట్ట ఉంది. దాని మీద అతనికి ఏ ఫిర్యాదూ లేదు, అతని మీద దానికీ లేదు. ఇన్నేళ్లూ ఇద్దరూ స్టీరింగు కింద సర్దుకుని ఒక్క సీట్లోనే కూర్చుని వచ్చారు. పొట్ట అప్పుడప్పుడు గుడగుడమనేది. పోలినాయుడు ఆ మాత్రం కూడా అనేవాడు కాదు. మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. పెద్ద మీసం ఒకటి ఉండేది, మొహంలో జరిగేదంతా దాని వెనకాలే జరిగేది.

వచ్చే నెలాఖరుకి అతను రిటైరవుతున్నాడు.

ఆ డిపోలో పాతకాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ డ్రైవరు తన బండిలో తన వాళ్లని ఎక్కించుకోడు. ఎక్కించుకుంటే కళ్లు రోడ్డు మీద ఉండవు, అద్దంలో ఉంటాయని పాతవాళ్లు పెట్టుకున్నారు. పెళ్లాం పుట్టింటికి వెళ్లాలన్నా ఇంకో డ్రైవరు బండి కోసం చూడాల్సిందే. రిటైరయ్యే రోజున మాత్రం భార్యని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆఖరి ట్రిప్పు నడుపుతాడు. ఆ ట్రిప్పు నడపనివాడిని డిపోలో రిటైరయ్యాడనరు, దిగిపోయాడంటారు.

పోలినాయుడి భార్య సన్యాసమ్మ. వాళ్ల ఇల్లు నీలిగెడ్డ మలుపులో రోడ్డుకి ఆనుకునే ఉంది. మొగుడి బండి రోజూ గుమ్మం ముందు నుంచే పోతుంది. పెళ్లయిన నాటి నుంచీ దాన్ని ఆమె బయట నుంచే చూసింది. లోపల సీట్లు ఏ రంగో కూడా ఆమెకి తెలియదు. ఆఖరి ట్రిప్పు కోసం వంకాయ రంగు చీర కొనుక్కుని, మడత విప్పకుండా పెట్టెలో పెట్టుకుంది.

ఇలా ఉండగా డిపోకి వైద్య శిబిరం వచ్చింది.

వచ్చిన డాక్టరమ్మ చిన్నది, బక్కది, తొందర లేనిది. అందరి నడుమూ కొలిచింది, బీపీ చూసింది, రక్తం తీయించింది. నాలుగు రోజులు పోయాక మళ్లీ వచ్చి, డిపోలో సగం పైన మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉందని చెప్పింది. అంత పేరు విని అందరూ కంగారు పడ్డారు. ఆవిడ విడమరిచింది. నడుము లావు, బీపీ, షుగరు, రక్తంలో చెడ్డ కొవ్వు ఎక్కువ, మంచి కొవ్వు తక్కువ, ఈ ఐదింట్లో ఏ మూడు కలిసినా ఆ పేరు పెడతారట. గుండెపోటూ పక్షవాతమూ వచ్చి ఎక్కే స్టాపు లాంటిదట అది. మనం అక్కడ ఆగకుండా పోవాలంది. ఆ మాట డ్రైవర్లకి బాగా అర్థమైంది.

తరవాత ఆవిడ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, మనసు ఎలా ఉంటోందని అడిగింది. డిపోలో ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరూ ఎవరినీ అడగలేదు. కండక్టరు వరహాలు, పోలినాయుడితో ఒకే బండి మీద తిరిగేవాడు, తన మనసు ఎప్పుడూ చిల్లర మీదే ఉంటుందని చెప్పాడు. పోలినాయుడు చాలాసేపు చేతులు చూసుకున్నాడు. చివరికి ఒక్క మాట అన్నాడు.

"బండి నడుస్తుంటే బాగుంటాదమ్మా."

ఆవిడ అది రాసుకుంది. వెళుతూ డిపో మేనేజరు ఉమాకాంతం గారికి నాలుగు సంగతులు చెప్పింది. వీళ్లకి వేళకి అన్నం తినే వీలు ఉండాలి. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య నిద్ర ఉండాలి. కాస్త నడవడానికి చోటు ఉండాలి. శరీరంతో పాటు మనసు కూడా చూసుకోవాలి.

ఉమాకాంతం గారు నాలుగూ శ్రద్ధగా ఆలోచించారు. వేళకి అన్నం తినాలంటే అదనంగా డ్రైవర్లు కావాలి, లేరు. నిద్రకి గది కావాలి, ఉన్న గదిలో పాత టైర్లు నిద్రపోతున్నాయి. నడవడానికి ఉన్న చోట బస్సులు నడుస్తున్నాయి. మనసుకి మాత్రం డిపోలో ఏమీ కట్టక్కర్లేదు. అందుకని మొదటి మూడూ తన దగ్గరే ఉంచుకుని నాలుగోది పైకి పంపారు.

పైనుంచి అది పథకమై దిగింది. పేరు సిబ్బంది సమగ్ర స్వస్థతా పథకం. దాన్ని అమలు చెయ్యడానికి చిదంబరేశ్వర్ గారని ఒక అధికారి కూడా దిగారు. ఆయన గేటు దగ్గర అందరినీ నిలబెట్టి ఉత్తర్వు చదివారు.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, శారీరక స్వస్థత నడుము ద్వారాను, మానసిక స్వస్థత నవ్వు ద్వారాను వ్యక్తమగును. కావున హోదాతో నిమిత్తము లేకుండా ప్రతి ఉద్యోగి యొక్క నవ్వు, సదరు ఉద్యోగి నడుములో పదో వంతుకు తగ్గకుండా ఉండవలెను. తగ్గినచో అట్టి ఉద్యోగి నవ్వు సరిపడువరకు విధుల నుండి తప్పించబడును."

వరహాలు చెయ్యెత్తి, నవ్వుని ఎలా కొలుస్తారు బాబూ అని అడిగాడు. చిదంబరేశ్వర్ గారు జేబులోంచి టేపు తీశారు. ఖాకీ బట్టలు కుట్టే దర్జీ దగ్గర నుంచి తెప్పించిన టేపు. అదే టేపుతో ముందు నడుము, తర్వాత నోరు. ఈ మూల నుంచి ఆ మూలకి.

ఆయన అంతా ఆలోచించే వచ్చారు. నడుము పెద్దదయితే నవ్వు కూడా పెద్దది ఉండాలి. బక్కవాళ్లు కొంచెం మూతి కదిపితే చాలు. లావుపాటివాళ్లు మాత్రం చెవుల దాకా ఆనందంగా ఉండాలి. నడుము తగ్గించుకోవడం కష్టమైన పని కాబట్టి నవ్వు పెంచుకోమని ప్రభుత్వం వారే ఒక దారి చూపించారని ఆయన అన్నారు.

పోలినాయుడి వంతు వచ్చింది. నడుము దగ్గర పేచీ లేదు. టేపు మీసం దగ్గరికి వచ్చి ఆగింది.

"నవ్వవయ్యా."

పోలినాయుడు నవ్వాననుకున్నాడు.

"ఎప్పుడు నవ్వుతావు?"

"నవ్వాను బాబూ."

చిదంబరేశ్వర్ గారు వంగి మీసం కిందకి చూశారు. మీసం ఈ చివర నుంచి ఆ చివరకి కొలిస్తే సరిపోతుందని వరహాలు సలహా చెప్పాడు. ఆ సంగతి పైకి రాశారు. మీసము నవ్వులో అంతర్భాగము కాదని పైనుంచి తిరుగు టపాలో వచ్చింది. పోలినాయుడిని బండి దింపేశారు.

నవ్వు చాలనివాళ్లందరికీ ఒక గది ఇచ్చారు. పాత టైర్లు ఉన్న గదే. నిద్రకి ఖాళీ చెయ్యడం కుదరని గది, నవ్వుకి ఒక్క పూటలో ఖాళీ అయింది. గుమ్మానికి ఆనంద విభాగం అని బోర్డు కట్టారు. పొద్దున వచ్చి కుర్చీలో కూర్చోవాలి, సాయంత్రం దాకా నవ్వు సాధన చెయ్యాలి. ఎదురుగా నిలువుటద్దం. కూర్చోగా కూర్చోగా నడుములు పెరిగాయి. నడుము పెరిగితే దానికి తగ్గ నవ్వు మళ్లీ వెతుక్కోవాలి. మొదట్లో కొసరు నవ్వుకోసం వచ్చినవాళ్లు వారం తిరక్కుండా పెద్ద నవ్వు బాకీ పడ్డారు.

మిఠాయి చూస్తే మనిషి నోరు దానంతట అదే సాగుతుందని చిదంబరేశ్వర్ గారు కనిపెట్టారు. రోజూ క్యాంటీను నుంచి పళ్లెం నిండా జిలేబీ తెప్పించి అద్దం ముందు పెట్టించేవారు. షుగరువాళ్లు కదా అని, పక్కన చూచుటకు మాత్రమే అని రాయించారు. మధ్యాహ్నానికి పళ్లెం ఖాళీగా ఉండేది. ఎవరు తిన్నారని ఆయన అడిగితే ఆ ఒక్క నిమిషం గదిలో అందరి నవ్వులూ సరిపోయేవి. ఆయన సంతోషించి, మర్నాడు పెద్ద పళ్లెం తెప్పించేవారు.

పోలినాయుడు జిలేబీ ముట్టలేదు, నవ్వనూ లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని తన బండిని ఇంకొకడు రివర్సు చెయ్యడం చూస్తూ కూర్చునేవాడు. వాడు క్లచ్చి తొక్కినప్పుడల్లా ఇతని కాలు కదిలేది.

బయట రోడ్డు మీద పథకం బాగానే నడుస్తోంది. ఎక్కడ తనిఖీ జరుగుతుందో తెలియదు కాబట్టి అందరూ నవ్వు దించకుండా తిరుగుతున్నారు. వరహాలు చిల్లర లేదని చెప్పి నవ్వేవాడు. సీటు లేదని చెప్పి నవ్వేవాడు. మీ ఊరు దాటిపోయిందమ్మా అని ముసలావిడకి చెప్పి నవ్వేవాడు. ఒకసారి మండుటెండలో బండి ఆగిపోతే డ్రైవరూ కండక్టరూ చెరో పక్కన నిలబడి జనం వంక చూసి నవ్వారు. జనం ఇద్దరినీ పక్కకి నెట్టి, బండి వాళ్లే తోసుకున్నారు. ఇంకోసారి చావింటికి పోతున్నవాళ్లు ఎక్కారు. టిక్కెట్లు కొడుతూ వరహాలు అదే నవ్వు నవ్వాడు. వాళ్లలో ఒకాయన లేచి ఒక్కటి పీకాడు. వాచిన మూతిని మర్నాడు కొలిస్తే ఎప్పుడూ లేనంత వచ్చింది. ఆ నెలకి డిపోలో ఉత్తమ స్వస్థుడిగా వరహాలు ఫొటో పెట్టారు.

ఇంట్లో సన్యాసమ్మ ఊరుకోలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు రాత్రి అన్నం మానిపించి చోడి జావ, అదే రాగి జావ, పెట్టింది. పొద్దున్నే గట్టు మీద నడిపించింది. తనకీ షుగరు ఉంది, తనూ నడిచింది. పోలినాయుడి నడుము రెండు వేళ్లు తగ్గింది. డిపోలో టేపు పట్టి చూస్తే ఇంకా అంగుళం నవ్వు బాకీ ఉన్నాడు. అతనికి నిద్ర దూరమైంది. రాత్రిళ్లు మంచం మీద గేర్లు మారుస్తున్నాడు.

నెలాఖరు దగ్గర పడుతుంటే ఆమె అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి రెండు బొటనవేళ్లతో మూతి సాగదీసి చూసింది. చేతులు తియ్యగానే మళ్లీ యథాస్థానానికి పోయింది.

"ఏటయ్యా, ఒక్క రోజుకి నవ్వలేవేటి? నాకోసం."

"రాదే."

"నీకు నవ్వు రాదని నాకు తెలీదా. నేనడిగింది నవ్వమని కాదు, టేపు కోసం మూతి సాపమని."

అతను ప్రయత్నించాడు. నిజంగానే ప్రయత్నించాడు. ఎదురింటి గేదె బెదిరి కట్టు తెంపుకుంది.

"సరేలే," అంది సన్యాసమ్మ. పెట్టెలోంచి చీర తీసి మడత విప్పింది. "నేను మాత్రం వస్తాను. ఎక్కనిస్తే ఎక్కుతాను, నేకపోతే నీ బండి లోపలికి ఓసారి తొంగి చూసొస్తాను."

రిటైరయ్యే రోజు వచ్చింది. అదే రోజు పథకం ఎలా ఉందో చూడడానికి రీజనల్ మేనేజరు గారు వచ్చారు. ఆయనది పెద్ద పదవి, పెద్ద కారు. కారులోంచి ముందు నడుము దిగింది, కాసేపటికి ఆయన దిగారు. సిబ్బంది అంతా గేటు దగ్గర వరసగా నిలబడి నోళ్లు సాగదీసి ఉంచారు. చివర్న వంకాయ రంగు చీరలో సన్యాసమ్మ, పక్కన నవ్వు లేకుండా పోలినాయుడు.

రీజనల్ మేనేజరు గారు ఆనంద విభాగం చూశారు, అద్దం చూశారు, జిలేబీ పళ్లెం చాలాసేపు చూశారు. సంతృప్తికరముగా ఉన్నదని అన్నారు. అంతటితో పోయేదే. కానీ చిదంబరేశ్వర్ గారు నియమం తప్పని మనిషి. హోదాతో నిమిత్తము లేకుండా అని ఉత్తర్వులో ఉంది. ఆయన టేపు తీసి, చెయ్యెత్తి నమస్కారం పెట్టి, పెద్దాయన నడుము చుట్టూ తిరిగి వచ్చారు. అంకె పైకి చదవలేదు. తర్వాత మూతి దగ్గరికి వచ్చి, దయచేసి నవ్వండి సార్ అన్నారు.

పెద్దాయన కింది ఉద్యోగుల ముందు నవ్వి చాలా ఏళ్లయింది. ఎలా మొదలుపెడతారో గుర్తు రాలేదు. పై పెదవి కొంచెం ఎత్తారు, అది కోపం అయింది. రెండూ నొక్కారు, అది ఇంకా పెద్ద కోపం అయింది. టేపు అక్కడే నిలిచిపోయింది. డిపో మొత్తం నోరు సాగదీసి ఊపిరి బిగబట్టింది.

"సర్," అన్నారు చిదంబరేశ్వర్ గారు, చెమట తుడుచుకుంటూ. "నిబంధనల మేరకు తమరిని విధుల నుండి తప్పించి, ఆ గదిలో... ఒక కుర్చీ ఖాళీగానే ఉన్నది."

అప్పుడు ఉమాకాంతం గారు ముందుకొచ్చారు. డిపో మేనేజరుగా ఆయన ఇన్నేళ్లలో చేసిన గొప్ప పని అదే. నవ్వు రెండు విధములని ఆయన విన్నవించారు. బాహ్య నవ్వు ఒకటి, అంతర్నవ్వు ఒకటి. బాధ్యత గలవారి నవ్వు లోపలే ఉండుట సహజమన్నారు. అది టేపుకి అందదు. దానికి జీవిత భాగస్వామి ధ్రువీకరణ చాలునన్నారు. పెద్దాయన మొహం తేటపడింది. అక్కడికక్కడే సవరణ చెప్పి రాయించారు. రాసే గుమస్తా చేతికి అలవాటు కొద్దీ, అన్ని ఉత్తర్వుల్లో లాగే ఇందులోనూ హోదాతో నిమిత్తము లేకుండా అని పడింది. సంతకం అయిపోయింది.

పెద్దాయన పక్కకి తిరిగి ఇంటికి ఫోను చేశారు. నేను లోపల నవ్వుతుంటాను కదా అని అడిగారు. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. అవును, లోపలే అని ఆయన మళ్లీ అన్నారు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, ధ్రువీకరించినది అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక సన్యాసమ్మ ముందుకొచ్చింది.

"బాబూ, అయితే మా ఇంటాయనకి నేను సెప్తాను."

చిదంబరేశ్వర్ గారు సవరణ మళ్లీ చదువుకున్నారు. ఎటు నుంచి చదివినా హోదాతో నిమిత్తం లేదు. అయినా ఆయన ఊరికే వదలలేదు. లోపల నవ్వుతాడనడానికి ఆధారం ఏమిటని అడిగారు. పెద్దాయనని ఆధారం ఎవరూ అడగలేదని వరహాలు గొణిగాడు గాని, అది నవ్వుతూ గొణిగాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సన్యాసమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"మా ఇల్లు నీలిగెడ్డ మలుపులో బాబూ. బండి ఆడకొచ్చిందంటే ఈయన హారను రెండుసార్లు కొడతాడు. పొట్టిగా. అడ్డం ఎవురూ ఉండరు, కుక్క కూడా ఉండదు. కొత్తలో నాకు తెలీలేదు, ఎందుకు కొడతన్నాడో అనుకున్నాను. అడిగితే సెప్పడు. ఒకసారి పోట్లాడుకుని పొద్దున్నే ఎల్లిపోయాడు. ఆ రోజు కొట్టలేదు. మర్నాడు కొట్టాడు. అప్పుడు తెలిసింది." ఆమె మొగుడి వంక చూడలేదు. "అదే ఆయన నవ్వు. నాకు రోజూ ఇనబడతాది. ఈ నెలంతా ఇనబడనేదు."

వరసలో ఒక్కొక్కరి నోరూ తన మామూలు చోటుకి వచ్చేసింది. పోలినాయుడు నేల వంక చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"శబ్ద రూపములో నవ్వు," అన్నారు చిదంబరేశ్వర్ గారు మెల్లగా, దాన్ని ఎక్కడ రాసుకోవాలో ఆలోచిస్తూ. పెద్దాయనకి భోజనం వేళ అయింది. పంపించండయ్యా అన్నారు.

ఆఖరి ట్రిప్పు బయలుదేరింది. సన్యాసమ్మ ముందు సీట్లో కూర్చుంది. సీటు ఆకుపచ్చ రంగు. అరచేత్తో దాన్ని రెండుసార్లు రాసి చూసింది. వరహాలు దగ్గరికొచ్చి, నవ్వకుండా, వదినా టిక్కెట్టు అని అడిగి, మళ్లీ వద్దులే అని వెనక్కెళ్లిపోయాడు. పోలినాయుడు రోడ్డు వంక చూసి నడిపాడు. ఎంత చూసినా పాతవాళ్లు చెప్పింది నిజమే అయింది, కళ్లు అద్దంలోకి పోతున్నాయి. అందుకని బండి నిమ్మళంగా పోనిచ్చాడు. జనం ఏమీ అనలేదు.

నీలిగెడ్డ మలుపు వచ్చింది. గుమ్మంలో ఎవరూ లేరు. తలుపుకి తాళం వేసి ఉంది. పోలినాయుడు హారను రెండుసార్లు కొట్టాడు, పొట్టిగా.

"నేను ఈడున్నాను గదయ్యా," అంది వెనక నుంచి సన్యాసమ్మ.

అతను ఇంకోసారి కొట్టాడు.

మర్నాడు పోలినాయుడు అరుగు మీద కూర్చుని జావ తాగుతున్నాడు. పొద్దున్న మొదటి బండి మలుపు తిరిగింది. హారను రెండుసార్లు కొట్టింది. వెనకాల రెండో బండి, రెండుసార్లు. ఎదురుగా వచ్చే బండి కూడా. దూరంగా సింగవరం వైపు డిపో మొత్తం మోగుతోంది. నిలబెట్టిన బండ్లు, మరమ్మతులో ఉన్న బండ్లు, తోసుకుంటూ తెచ్చిన బండి, అన్నీ. కిటికీలోంచి వరహాలు తల బయటపెట్టి, రాత్రి కొత్త ఉత్తర్వు వచ్చిందని అరిచి చెప్పాడు. అంతర్నవ్వు గల ప్రతి ఉద్యోగి హోదాతో నిమిత్తము లేకుండా పూటకి ఇన్నిసార్లని హారను మోగించవలెనట. బండి లేని గుమస్తాలకి సైకిలు గంటలు ఇచ్చారట. చిదంబరేశ్వర్ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని గేటులో నిలబడి ఉన్నారట. రీజనల్ మేనేజరు గారు కూడా ఆఫీసులో కూర్చుని, తలుపు వేసుకుని, గంట కొడుతున్నారట.

చివరి మాట పోలినాయుడి గొంతులో జావతో పాటు అడ్డం పడింది. దగ్గాడు. దగ్గు మధ్యలో అది ఇంకేదో అయింది. మీసం పైకి లేచింది, పొట్ట ఎగిరింది, చేతిలో గ్లాసు తొణికి జావ పంచె మీద పడింది. నవ్వుతున్నాడు. బయటికి, చప్పుడుతో, కళ్లల్లో నీళ్లు వచ్చేలా.

సన్యాసమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. టేపు డిపోలో ఉంది. ఆమె వంగి, మసి చేత్తోనే బొటనవేలు ఈ మూల పెట్టి చిటికెన వేలు ఆ మూలకి సాగదీసింది. జాన చాల్లేదు.

"ఒక్క రోజు ముందు నవ్వుంటే నీ సొమ్మేటి పోయిందయ్యా," అంది, చెయ్యి తియ్యకుండా.